పోస్టుకార్డు మందమంత సందు

మా అక్క కొడుకుని సాలార్‌జంగ్ మ్యూజియంకి తీసుకెళితే గంటలు కొట్టే గడియారం దగ్గర పావుగంట, మేలిముసుగు రెబెక్కా దగ్గర అర నిమిషం నిలబడ్డాడు. ఆయుధాల గదిలోకి వచ్చాక మాత్రం కాలు కదపలేదు. అద్దానికి ముక్కు ఆనించి పాత తుపాకుల మూతుల్లోకి తొంగి చూస్తూ అడిగాడు. ‘‘పిన్నీ, వీటిలో ఏ సైజు తూటా పడుతుంది?’’

‘‘గొట్టం ఎంతుంటే అంత. ఆమాత్రం తెలీదూ?’’ అన్నాను.

ఆ ‘ఆమాత్రం’ నాకే తెలీదని ఇంటికొచ్చి నాలుగు పుస్తకాలు తిరగేశాక గానీ అర్థం కాలేదు. గొట్టమెంతో తూటా అంతే ఉంటే పాతకాలపు తుపాకీ పనిచేయదు. బాగా తక్కువుంటే పేలుతుంది గానీ తగలదు. ఎక్కువుంటే అసలు లోపలికే పోదు. ఎంత తక్కువుండాలి, ఎక్కడ ఎక్కువుండాలి అన్న లెక్క తేల్చడానికి ఐరోపా సైన్యాలకి దాదాపు వందేళ్లు పట్టింది. ఆ లెక్కలో దొర్లిన ఒక చిక్కు మన దేశ చరిత్రలోకి కూడా వచ్చి పడింది. 1857 అనగానే మనందరికీ గుర్తొచ్చే ఆవు కొవ్వు, పంది కొవ్వు తూటాల కథ నిజానికి ఈ సైజుల కథే.

గాజు... సబ్బు నురగ

ఆడవాళ్లకి ఈ సంగతి చెప్పడం తేలిక. గాజుల దుకాణంలో ‘రెండు నాలుగు’, ‘రెండు ఆరు’ అంటాం కదా! రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులో ఆరు వంతులో అని లెక్క. ‘రెండు ఆరు’ సులువుగా ఎక్కేస్తుంది, కానీ గిన్నెలు తోముతుంటే జారి సింకులో పడుతుంది. ‘రెండు నాలుగు’ మణికట్టు మీద అందంగా నిలుస్తుంది, కానీ బొటనవేలి ఎముక దగ్గర ఆగిపోతుంది. అప్పుడేం చేస్తాం? చెయ్యి ముడిచి, సబ్బు నురగ రాసి, పళ్లు బిగబట్టి ఎక్కిస్తాం. ఎక్కేటప్పుడు వదులుగా ఉండాలి, ఎక్కాక బిగుతుగా ఉండాలి. రెండూ ఒకే గాజుతో కావాలి!

మూతిలోంచి మందు కూరే తుపాకీకి కూడా అచ్చంగా ఇదే తిప్పలు. సిపాయి ముందు మందు పోసి, తర్వాత సీసపు గుండు వేసి, ఇనప చువ్వతో అడుగుదాకా దించాలి. ఎదుట శత్రువు వస్తుంటే ఈ పని క్షణాల్లో అవ్వాలి. అంటే గుండు వదులుగా ఉండాలి. కానీ పేలేటప్పుడు ఆ వదులు సందులోంచే మందు గాలి బయటికి కారిపోతుంది. గుండు గొట్టం గోడలకి అటూ ఇటూ కొట్టుకుంటూ వెళ్లి, చివరి దెబ్బ ఏ పక్క తగిలితే దాని ఎదుటి పక్కకి తిరుగుతుంది.

ఈస్టిండియా కంపెనీ సిపాయిల భుజాన చాలాకాలం ఉన్నది ‘బ్రౌన్ బెస్’ అని ముద్దుపేరున్న మస్కెట్. దాని గొట్టం లోపలి కొలత 0.75 అంగుళం. గుండు సుమారు 0.69. అంటే తేడా దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు. మందు మసి పట్టినా సరే గుండు గొట్టంలోకి టపీమని జారేది. వంద గజాల అవతలున్న ఒక మనిషికి గురిపెట్టి కొట్టగలనని మాత్రం ఎవరూ పందెం కాసేవారు కాదు. అందుకే అందరూ వరసగా భుజం భుజం కలిపి నిలబడి ఒక్కసారే పేల్చేవారు. ఎవరి గుండో ఎవరికో తగులుతుంది! ఆనాటి యుద్ధాల బొమ్మల్లో సైనికులు అంత బుద్ధిగా బారులు తీరి కనిపించడం వెనక ఈ ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉంది.

గురి కుదరాలంటే గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు కోయాలని అప్పటికే తెలుసు. గాడుల్ని పట్టుకుని గుండు బొంగరంలా తిరుగుతూ వెళితే దారి తప్పదు. అదే రైఫిల్. కానీ గాడుల్ని పట్టుకోవాలంటే గుండు బిగుతుగా ఉండాలి. 1800లో ఇంగ్లిషు సైన్యంలోకి వచ్చిన బేకర్ రైఫిల్‌కి మొదట్లో గుండు దిగ్గొట్టడానికి ఒక చిన్న కొయ్య సుత్తి కూడా ఇచ్చారు. యుద్ధం మధ్యలో సుత్తి పట్టుకుని టకటకా కొట్టుకుంటూ కూర్చోవడం ఎంత సుఖమో ఊహించుకోండి. అందుకే రైఫిళ్లు వేటగాళ్లకీ, కొద్దిమంది ప్రత్యేక దళాలకీ పరిమితమైపోయాయి.

దక్షిణాది ఊదుగొట్టం

సన్నగా లోపలికెళ్లి, లోపల లావెక్కే తూటా దొరికితే గొడవ తీరిపోతుంది. ఆ ఊహ ఎవరికి వచ్చిందన్న దగ్గర ఒక ముచ్చటైన కథ ఉంది. జాన్ నార్టన్ అనే ఇంగ్లిషు కెప్టెన్ దక్షిణ భారతంలో పనిచేస్తున్నప్పుడు ఇక్కడివాళ్లు వాడే ఊదుగొట్టాల బాణాల్ని పరీక్షగా చూశాడట. బాణం అడుగున మెత్తటి బెండు ముక్క ఉంది. నోటితో ఊదగానే ఆ బెండు ఉబ్బి గొట్టం గోడల్ని అంటుకుంటోంది, గాలి పక్కనుంచి పోవడం లేదు. ఆయన దాన్ని చూసే అడుగున గుల్లగా ఉన్న తూటా తయారుచేశాడని తుపాకుల చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఏ ఊరి ఊదుగొట్టమో, ఎవరి చేతిదో ఎవరూ రాసిపెట్టలేదు. ఇంగ్లిషు ప్రభుత్వం నార్టన్ మాట పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఫ్రాన్సులో డెల్విన్ అనే ఆయన 1826లో గొట్టం అడుగున ఇరుకు గది పెట్టి, దాని అంచు మీద గుండుని చువ్వతో మోది చదును చేయించాడు. తూవెనాఁ అనే మరొకాయన అడుగున మేకులాంటి ఉక్కు కమ్మీ నిలబెట్టాడు. ఇద్దరిదీ మోదుడు పద్ధతే. 1849లో కెప్టెన్ క్లాడ్ ఎత్యేన్ మినియే మోదుడు లేకుండా పని కానిచ్చాడు. ఆయన తూటా గుండ్రంగా ఉండదు, ముందు కొస తేలి, అడుగున గుల్లగా ఉంటుంది. గుల్లలో చిన్న ఇనప గిన్నె. మందు పేలగానే గిన్నె లోపలికి దూసుకుపోయి సీసపు అంచుల్ని వెడల్పు చేస్తుంది. అంచులు గాడుల్ని పట్టుకుంటాయి. నార్టన్‌ని పట్టించుకోని ఇంగ్లిషు ప్రభుత్వమే మినియేకి 20,000 పౌన్లు ముట్టజెప్పింది. పొరుగింటి పుల్లకూర రుచి!

ఆ డబ్బు ఊరికే పోలేదు. దాని ఫలితమే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్. గొట్టం కొలత 0.577 అంగుళం. తూటా 0.568. తేడా 0.009 అంగుళం, అంటే మిల్లీమీటరులో నాలుగో వంతు కన్నా తక్కువ. ఇంచుమించు మన పోస్టుకార్డు మందం. గొట్టం పొడవు 39 అంగుళాలు, లోపలి మెలిక 78 అంగుళాలకి ఒక చుట్టు. అంటే తూటా గొట్టంలో తిరిగేది అర చుట్టే! ఆ అర చుట్టు చాలు. బయటికొచ్చాక సెకనుకి నూట యాభైకి పైగా చుట్లు తిరుగుతూ పోతుంది. వంద గజాలకే తడబడిన చోట, ఈ రైఫిల్ మీది గురిపట్టీలో 900 గజాల దాకా అంకెలు వేశారు.

కాగితం తీసిన పేచీ

ఇప్పుడు ఆ పోస్టుకార్డు సందు దగ్గరికి వద్దాం. అది ఖాళీగా ఉండదు. ఎన్‌ఫీల్డ్ తూటా, మందు కలిపి ఒక కాగితపు పొట్లంలో చుట్టి ఉండేవి. సిపాయి పొట్లం ఒక కొస పళ్లతో కొరికి మందు పోస్తాడు. పొట్లం తిరగేసి తూటా ఉన్న కొసని కాగితంతో సహా గొట్టంలో పెడతాడు. మిగిలిన కాగితం చించేసి తూటాని దించుతాడు. అంటే తూటా చుట్టూ ఉన్న కాగితమే ఆ సందుని నింపుతుంది. ఆ కాగితం జారాలంటే జిడ్డు కావాలి. రెండోసారి, మూడోసారి పేల్చేసరికి గొట్టం నిండా గట్టిపడే మసిని మెత్తబరచడానికి కూడా జిడ్డే కావాలి. మన గాజుకి రాసే సబ్బు నురగ అన్నమాట. ఇంగ్లండులో దొరికే చవక జిడ్డు జంతువుల కొవ్వు. దానికి కొంత తేనెమైనం కలిపారు.

బ్రౌన్ బెస్‌కి ఇంత జిడ్డు అవసరం రాలేదు. ఒకటిన్నర మిల్లీమీటరు సందున్నప్పుడు జిడ్డెందుకు? సందు తగ్గింది కాబట్టే జిడ్డొచ్చింది. జిడ్డొచ్చింది కాబట్టే కొవ్వొచ్చింది.

1857 జనవరిలో కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో గుసగుసలు మొదలయ్యాయి. డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్‌లలో కొత్త రైఫిల్ తర్ఫీదు కేంద్రాలు పెట్టిన రోజులవి. ఆ కొవ్వు ఏ జంతువుదని అడిగితే గట్టిగా జవాబు చెప్పగలిగిన దొర లేడు. కొరికేది మందున్న కొసనే, జిడ్డున్నది రెండో కొసకి అని సర్దిచెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజమే, కొస వేరే. కానీ పొట్లం మొత్తం చేతిలో పట్టుకుని, అదే చేత్తో నోటి దగ్గర పెట్టుకోవాల్సిన మనిషికి ఆ జామెట్రీ చెప్పి ఏం లాభం? పళ్లతో కాదు, వేళ్లతో చించండని తర్వాత డ్రిల్లు మార్చారు. అప్పటికే ఆలస్యమైపోయింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మంది గుర్రపు సిపాయిల్లో 85 మంది తూటాలు ముట్టుకోబోమన్నారు. వాళ్లని సంకెళ్లేసి జైల్లో పెట్టాక మే 10న మీరట్ భగ్గుమంది. తిరుగుబాటుకి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి... రాజ్యాలు లాక్కోవడం, భూముల శిస్తు, జీతభత్యాలు. వాటన్నిటికీ నిప్పు అంటుకున్నది మాత్రం ఇక్కడే.

అన్నట్టు, దిల్లీలోకి వచ్చి పడిన ఆ సిపాయిల్ని అక్కడి జనం ఏమని పిలిచేవారో తెలుసా? ‘తిలంగాలు’ అని! వాళ్లలో ఎక్కువమంది అవధ్, బీహారు వైపు వాళ్లు. తెలుగు ముక్క రాదు. కంపెనీ తొలి రోజుల్లో దక్షిణాదిన చేర్చుకున్న సిపాయిల్లో మనవాళ్లు ఎక్కువుండటంతో కంపెనీ సిపాయికే ఆ పేరు స్థిరపడిపోయింది.

ఇంకో విచిత్రం. కొత్త తూటాలు ఇంగ్లిషు సిపాయిల్నీ సుఖపెట్టలేదు. మన ఎండకి కొవ్వు కరిగి కాగితంలోకి ఇంకిపోయేది. జిడ్డు పోయిన పొడి కాగితం, మసి పట్టిన గొట్టం, మధ్యలో పోస్టుకార్డు మందం సందు. చువ్వతో ఎంత నెట్టినా తూటా సగంలో మొరాయించేది. యుద్ధం ముగిశాక 1859లో తూటా కొలతని 0.568 నుంచి 0.55కి తగ్గించేశారు. సందు మూడింతలైంది. అంత సందుని పూడ్చేలా అంచులు విచ్చుకోవాలని గుల్లలో కొయ్య బిరడా పెట్టారు. జిడ్డుకి కొవ్వు మానేసి తేనెమైనం వాడారు. ఎండకి అంత తేలిగ్గా కరగదు, ఎవరి మతానికీ అడ్డురాదు. అదే పని మూడేళ్ల ముందు చేసి ఉంటే... అనిపించక మానదు.

గాడులు చెరిపేశారు

తిరుగుబాటు అణిగాక కంపెనీ పోయి రాణిగారి పాలన వచ్చింది. భారతీయ సిపాయి చేతిలో ఎన్‌ఫీల్డ్ ఉంచాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. దానికి దొరలు కనిపెట్టిన జవాబు చూడండి. ఎన్‌ఫీల్డ్‌లాగే కనిపించే తుపాకీ ఇచ్చారు. కాకపోతే గొట్టం లోపల గాడులన్నీ గీకేసి, కొలతని 0.656 అంగుళానికి పెంచేశారు. పైకి అదే కర్ర, అదే గుర్రం, అదే బయొనెట్. లోపల మాత్రం బ్రౌన్ బెస్ చిన్న తమ్ముడు! ఇంగ్లిషు సిపాయి తూటా పెట్టె దొంగిలించి తెచ్చినా అందులో గలగలలాడాల్సిందే. చుట్టూ కలిపి రెండు మిల్లీమీటర్లకి పైగా వదులు. గీకడంతో పలచబడ్డ గొట్టాలు ఉబ్బిపోతున్నాయని తెలిసి, మరుసటి ఏడాది నుంచి మందపాటి గొట్టంతోనే వేరే నమూనా చేయించారు. అంతే తప్ప గాడులు మాత్రం ఇవ్వలేదు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఇంగ్లిషు సైనికుడికి కొత్త రైఫిల్ వచ్చాకే అతని పాతది మన సిపాయికి దక్కేది. వాళ్ల చేతికి మార్టినీ-హెన్రీ వచ్చాక మనవాళ్లకి స్నైడర్ ఇచ్చారు.

తుపాకీకి తగ్గ తూటా లేకపోతే అది ఉత్త కర్రేనని తెలిసినవాళ్లు మన్యంలోనూ ఉన్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడిచేసినప్పుడు అల్లూరి సీతారామరాజు మనుషులు తుపాకులతో పాటు వాటి తూటాలు కూడా పట్టుకెళ్లారు. మూడు రోజులు, మూడు స్టేషన్లు. అడవిలో తయారుచేసుకోలేనిది తూటానే మరి.

పేరుకే త్రీనాట్‌త్రీ

మన పోలీసుల భుజాన దశాబ్దాలుగా చూసిన ‘త్రీనాట్‌త్రీ’ సంగతి కూడా చెప్పేయాలి. ఆ పేరు 0.303 అంగుళం నుంచి వచ్చింది. కానీ దానిలో పడే తూటా కొలత 0.311! అబద్ధమేమీ లేదు. గాడులు కోయకముందు గొట్టం రంధ్రం కొలత 0.303. గాడుల అడుగు నుంచి అడుగుకి కొలిస్తే 0.313 దాకా వస్తుంది. ఇది వెనకనుంచి తూటా పెట్టే తుపాకీ కాబట్టి మూతిలోంచి దూర్చే బాధ లేదు. తూటా లావుగానే ఉండి, పేలగానే గాడుల్లోకి బలవంతంగా ఒత్తుకుపోతుంది. ప్రపంచ యుద్ధాల హడావిడిలో చేసిన కొన్ని గొట్టాలు 0.315 దాటిపోయాయి కూడా. ఒకే పేరు, ఒకే ముద్ర, ఏ రెండింటి కడుపూ ఒక్కలా ఉండదు.

జర్మన్లయితే ఇంకా పెద్ద చిక్కులో పడ్డారు. 1888 నమూనా రైఫిల్‌కి తూటా కొలత 0.318 అంగుళం. 1905లో కొత్త మొనదేలిన తూటా తెచ్చి 0.323 చేశారు. పేరు మాత్రం దాదాపు అదే. అయిదు వేయోవంతుల తేడా ఏంటిలే అనుకోవచ్చు. కానీ లావు తూటా సన్నటి పాత గొట్టంలో పేలితే లోపల ఒత్తిడి ఎక్కడికో వెళ్లిపోతుంది. అందుకే కొత్త తూటాకి సవరించిన పాత రైఫిళ్ల మీద ‘ఎస్’ అక్షరం కొట్టారు. అది లేని పాతదానిలో కొత్తది పెట్టకూడదు.

అమెరికాలో, ఇంగ్లండులో ఈ పాత రైఫిళ్లని ఇప్పటికీ సరదాగా పేల్చే క్లబ్బులున్నాయి. వాళ్లు పుస్తకంలోని కొలత నమ్మరు. మెత్తటి సీసపు ముద్దకి నూనె రాసి గొట్టంలో ఈ కొస నుంచి ఆ కొసకి నెడతారు. బయటికొచ్చిన ముద్ద మీద గాడుల అచ్చు పడి ఉంటుంది. దాన్ని మైక్రోమీటరుతో కొలుస్తారు. మినియే తరహా తూటా అయితే ఆ గొట్టం కన్నా వేయోవంతో రెండు వేయోవంతులో తక్కువ, వెనకనుంచి పెట్టే సీసపు తూటా అయితే గాడుల కొలతకి సమానంగానో కాస్త ఎక్కువగానో పోతపోసుకుంటారు. టైలరు దగ్గర కొలతలిచ్చి కుట్టించుకున్నట్టు ఏ తుపాకీకి ఆ తూటా. నూట యాభై ఏళ్ల అరుగుదల, తుప్పు, ఎవరో ఎప్పుడో చేసిన రిపేరు అన్నీ ఆ సీసపు ముద్ద చెప్పేస్తుంది.

ఇదంతా మావాడికి చెబుతుంటే మధ్యలో మరో ప్రశ్న వేశాడు. ‘‘మరి ఆ మ్యూజియం తుపాకుల్లో ఇంకా మందు ఉందేమో ఎలా తెలుస్తుంది?’’

ఈసారి తొందరపడి జవాబు చెప్పలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న చిన్నదేం కాదు. 1863లో అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు ముగిశాక మైదానంలో ఏరిన తుపాకులు 27,574. వాటిలో సుమారు 24,000 మందు కూరినవే. అందులో సగం తుపాకుల్లో రెండేసి తూటాలు. దాదాపు 6,000 తుపాకుల్లో మూడు నుంచి పది దాకా ఒకదానిమీద ఒకటి! ఒక తుపాకీలో 23 ఉన్నాయట. గందరగోళంలో పేలిందో లేదో తెలీక కూరుతూనే పోయారు పాపం. అలాంటి తుపాకులు తర్వాత ఎన్ని అటకలు ఎక్కాయో!

మూతిలోంచి కూరే తుపాకీని తెలిసినవాళ్లు పరీక్షించే తీరు తేలికే. గొట్టంలోకి సన్నటి కర్ర దించి, మూతి దగ్గర గుర్తు పెడతారు. బయటికి తీసి అదే కర్రని గొట్టం పక్కన ఆనిస్తారు. కర్ర కొస నిప్పు రంధ్రం దాకా రాకపోతే లోపల ఏదో కూర్చుని ఉన్నట్టే. నల్లమందు తడి తగలకుండా ఉంటే వందేళ్లయినా పేలగలదు. కాబట్టి తాతగారి తుపాకీ ఇంట్లో ఉన్నవాళ్లు కర్ర పట్టుకుని ప్రయోగాలు చేయొద్దు. లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరుకో పోలీసు స్టేషన్లోనో చెప్పండి. ‘పాతదే కదా, అలంకారానికి’ అనుకోవడానికీ లేదు. మన 1959 ఆయుధాల చట్టం మినహాయింపు ఇచ్చేది రిపేరు చేసినా చేయకపోయినా పేలే అవకాశమే లేని పాత ఆయుధాలకి మాత్రమే.

మావాడు ఇదంతా విని వాళ్లమ్మ గాజుల డబ్బా, తన జామెట్రీ బాక్సు తెచ్చుకుని కూర్చున్నాడు. స్కేలుతో కొలిచి ‘రెండు నాలుగు’ అన్న గాజు లోపలి కొలత నిజంగా రెండుంబావు అంగుళమేనా అని చూస్తున్నాడు. రెండు గాజులు తేడా వచ్చాయి. ఒకే డజనులోవే.